వాషింగ్టన్ స్క్వేర్ పార్కులో చాప పరిచి వాయించిన శనివారం: నా అనుభవం

సెప్టెంబరు 20, 2025, శనివారం నాడు న్యూయార్క్‌లోని వాషింగ్టన్ స్క్వేర్ పార్కులో చాప పరుచుకుని, వయొలిన్ పెట్టె ముందు తెరిచి పెట్టి, దారిన పోయేవాళ్లకి వాయించాను. పొద్దున పదకొండు నుంచి సాయంత్రం ఆరు దాకా. ఎవరు తీశారో తెలీదు గానీ ఒక వీడియో మా న్యూజెర్సీ తెలుగు వాట్సాప్ గ్రూపుల్లోకి చేరిపోయింది. అప్పట్నుంచీ ఫోన్లే ఫోన్లు. కొందరు "పర్మిషన్ ఎవరిస్తారు, ఎంత వచ్చింది, మా పిల్లాడు కూడా గిటార్ వాయిస్తాడు, తీసుకెళ్లొచ్చా" అని అడుగుతున్నారు. ఇంకొందరు అడగాలనుకున్నది అడక్కుండా "ఇంట్లో అంతా బాగానే ఉంది కదా?" అంటున్నారు. అందరికీ కలిపి ఒకేసారి రాసేస్తున్నాను.

ముందు వీసా సంగతి చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లకి అసలు అడ్డం అక్కడే. నేను విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ డిప్లొమా చేసి, పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చినదాన్ని. ఏళ్లకేళ్లు హెచ్-4 మీదే, అంటే హెచ్-1బి ఉద్యోగుల భార్యాభర్తలకి ఇచ్చే వీసా మీదే ఉన్నాను. ఆ వీసా మీద ఉన్నవాళ్లలో భర్తకి ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే దరఖాస్తు) ఆమోదం అయినవాళ్లకి 2015 నుంచి పని కార్డు ఇస్తున్నారు. మాకు ఉద్యోగాలు మారడం, కాగితాలు మళ్లీ మొదటికి రావడంతోనే కాలం గడిచిపోయింది. ఇంటికొచ్చిన పిల్లలకి పాఠం చెప్పినా పైసా తీసుకోకుండా ఊరికే చెప్పాను. 2025 మార్చిలో గ్రీన్ కార్డు చేతికొచ్చింది. పార్కు ఆలోచన రాగానే మా లాయరుగారికి ఫోన్ చేస్తే ఆవిడ ముందు నవ్వి, తర్వాత ఒకటే మాట చెప్పారు: పెట్టెలో పడే డాలరు కూడా ఆదాయమే, తేదీ వేసి రాసుకోండి, పన్నుల్లో చూపించండి. కాబట్టి ఎఫ్-1 (చదువుల వీసా) మీద ఉన్న పిల్లలూ, హెచ్-4 మీద ఉన్న చెల్లెళ్లూ, పెట్టె తెరిచే ముందు మీ లాయరుతోనో కాలేజీలో వీసాలు చూసే ఆఫీసుతోనో మాట్లాడుకోండి. సరదాకి చేశామంటే కాగితాలకి సరదా తెలీదు.

తర్వాత చోటు. జులైలో ఒక ఆదివారం మా ఆయనా నేనూ సెంట్రల్ పార్కు చూసొచ్చాం. అక్కడ షీప్ మెడో, స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ లాంటివి నిశ్శబ్దంగా ఉండాల్సిన చోట్లు. మిగతా చోట్ల ఇప్పటికే పాతుకుపోయిన వాయిద్యగాళ్లు ఉన్నారు. పైగా మేముండేది జెర్సీ సిటీ జర్నల్ స్క్వేర్ దగ్గర. వాషింగ్టన్ స్క్వేర్‌కి అయితే న్యూజెర్సీ నుంచి న్యూయార్క్ వెళ్లే పాత్ రైల్లో తొమ్మిదో వీధి స్టేషన్‌లో దిగి నాలుగు అడుగులు వేస్తే చాలు. మైకు, స్పీకరు లేకుండా ఒంటరిగా వాయించుకునేవాళ్లకి పర్మిట్ అక్కర్లేదు. స్పీకరు పెట్టుకుంటే మాత్రం ఆ ప్రాంతపు పోలీసు స్టేషన్ నుంచి ముందుగా సౌండ్ పర్మిట్ తెచ్చుకోవాలి, 45 డాలర్లు. ఇరవై మందికి పైగా జనాన్ని పోగేసే కార్యక్రమమైతే పార్కుల శాఖ పర్మిట్ కూడా కావాలి. ఇరవై మంది! ఆ అంకె చదివి మా ఆయన "నీకా భయం అక్కర్లేదులే" అన్నాడు.

శ్రుతికి ఏం చేయాలన్నదే పెద్ద చిక్కు. తంబురా యాప్ ఉంది, ఫోన్ గొంతు చాలదు. చిన్న బ్లూటూత్ స్పీకరు పెడితే అదీ స్పీకరే. చివరికి వంటింట్లోంచి పెద్ద స్టీలు గ్లాసు తీసి ఫోన్ అందులో నిలబెట్టాను. చాప మీద కూర్చున్న నాకు వినపడేంత వచ్చింది, అంతే కావాలి. పధ్నాలుగేళ్ల మా అబ్బాయి అట్ట ముక్క మీద వెన్మో (ఫోన్‌లో డబ్బులు పంపే యాప్) క్యూఆర్ కోడ్ అంటించి, కింద "సౌత్ ఇండియన్ వయొలిన్" అని రాసిచ్చాడు. "నేను మాత్రం రాను" అని కూడా చెప్పాడు.

శుక్రవారం రాత్రి, అంటే అమ్మకి శనివారం పొద్దున, ఫోన్‌లో చెప్పాను.

"ఏటే, పెద్దల రోజుల్లో కొత్త పని మొదలెడతావా? రేపు మహాలయ అమావాస్య. రెండ్రోజులు ఆగితే నవరాత్రులొస్తాయి కదా."

"సోమవారం నవరాత్రులమ్మా, పార్కులో జనం ఉండేది శనివారం."

కాసేపు మాట్లాడలేదు. అసలు బాధ అప్పుడు బయటికొచ్చింది. "ద్వారం నాయుడుగారు పాఠం చెప్పిన కాలేజీలో చదివేవు. వీధిలో కూకుని చిల్లర ఏరుకుంటావా?"

దాసుగారు ఊరూరా తిరిగి కథ చెప్పలేదా అన్నాను. ఆదిభట్ల నారాయణదాసు గారు 1919లో ఆ కాలేజీకి మొదటి ప్రిన్సిపాలు, మా ఊళ్లో ఆయన పేరెత్తితే ఎవరైనా తగ్గుతారు. అమ్మ తగ్గలేదు. "దాసుగారికి రాజుగారున్నారు. నీకెవరున్నారు?" అని ఫోన్ పెట్టేసింది.

శనివారం పొద్దున తొమ్మిదిన్నరకి బయల్దేరాను. అప్పట్లో శని, ఆదివారాల్లో పాత్ రైలు హోబోకెన్ ఊరి మీదుగా తిరిగి వెళ్లేది, అదనంగా టైం పట్టేది. 2025లో టికెట్ 3 డాలర్లు, రానూపోనూ ఆరు. వయొలిన్ పెట్టె వీపున, చుట్టిన చాప ఒక చంకలో, దిండూ గ్లాసూ నీళ్ల సీసా పులిహోర డబ్బా ఉన్న సంచి ఇంకో చేతిలో. తొమ్మిదో వీధి స్టేషన్‌లో దిగాక పైకి వచ్చే సొరంగం సన్నగా మెలికలు తిరిగి ఉంటుంది. ఎదురొచ్చే ప్రతి మనిషికీ నా చాప తగిలింది. "సారీ" అన్న మాట ఆ పావుగంటలో అన్నన్నిసార్లు ఎప్పుడూ అనలేదు.

పార్కుకి ఉత్తరాన, అయిదో ఎవెన్యూ వచ్చి ఆగే చోట తెల్లటి పెద్ద ఆర్చి. మధ్యలో ఫౌంటెన్. నైరుతి మూల చదరంగం బల్లలు, వాటి దగ్గర గడియారాలు కొట్టుకుంటూ ఆడే మనుషులు. చుట్టూ న్యూయార్క్ యూనివర్సిటీ భవనాలు. ఆర్చికీ ఫౌంటెన్‌కీ మధ్య చోటు బంగారం. అక్కడ పొద్దున్నే ఒకాయన నిజం గ్రాండ్ పియానోని చక్రాల బల్ల మీద తోసుకొచ్చేశాడు. పియానో పక్కన కూర్చునే సాహసం నాకెక్కడిది! ఫౌంటెన్‌కి తూర్పుగా, చెట్టు నీడ పడే దారి పక్కన చాప పరిచాను. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరైనా ఏమైనా అంటారనే నెలన్నర నుంచి నిద్ర పాడు చేసుకున్నాను.

పెట్టెలోంచి వయొలిన్ తీయడం మామూలే. పెట్టెని ముందుకి జరిపి మూత తెరిచి ఉంచడం ఉందే, దానికి చేయి రాలేదు. రెండుసార్లు మూసి, మళ్లీ తెరిచాను. ఖాళీ పెట్టెలో ఎవరూ వేయరని ఎక్కడో చదివి, నా పర్సులోంచే ఆరు డాలర్లు తీసి వేసుకున్నాను. బోణీ మనమే చేసుకోవడం ఏ వ్యాపారంలోనూ చూళ్లేదు.

ఇక్కడ చాలామంది నిలబడి వాయిస్తారు. మన పద్ధతిలో బాసింపట్టు వేసుకుని, వయొలిన్ తల కుడి పాదం మీద ఆనించి కూర్చోవాలి. దాంతో నేను జనం మోకాళ్ల ఎత్తులో ఉన్నాను. పెద్దవాళ్లు ఫోన్ చూసుకుంటూ నా మీదికే వచ్చేసి ఆఖరి క్షణంలో పక్కకి తప్పుకున్నారు. నన్ను ముందు చూసింది కుక్కలూ, తోపుడు బళ్లలో పసిపిల్లలూ. ఒక కుక్క వచ్చి కమాను వాసన చూసి, దానికి రాసే రోజిన్ పొడి ముక్కులోకి పోయి తుమ్మింది. ఆ రోజు నా వల్ల ఆగిన మొదటి మనిషి ఆ కుక్క యజమాని.

కచేరీకి కూర్చున్నట్టే వరసగా అనుకుని వెళ్లాను. వర్ణం, తర్వాత కీర్తన, ఆ తర్వాత తోడి ఆలాపన. వర్ణం అయ్యేసరికి ఆగిన మనుషులు లేరు. తోడి ఎత్తుకుంటే ఒకావిడ దగ్గరికొచ్చి వంగి, చాలా మర్యాదగా, "శ్రుతి చేసుకోవడం అయ్యాక ఏం వాయిస్తారు?" అని అడిగింది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. మా మాస్టారు వినుంటే కమాను విరిచేసేవారు.

అప్పుడు తల తిప్పి లెక్క చూసుకున్నాను. నడిచే మనిషి నా పాట వినపడే దూరంలోకి వచ్చి, దాటి వెళ్లిపోవడానికి పదిహేను, ఇరవై సెకన్లు పడుతుంది. ఆ ఇరవై సెకన్లలో ఒక రాగం పూర్తిగా ఉండాలి. గమకం మీద బతికే రాగాలు అక్కడ అందవు, వాటికి కూర్చున్న మనిషి కావాలి. స్వరాలు నిలువుగా, తేటగా పలికే రాగాలు అందుతాయి. కదనకుతూహలం ఎత్తుకున్నాను. బ్యాండు మేళం నడకలో ఉండే రాగం అది. రెండో ఆవృతికే ముగ్గురు ఆగారు. హంసధ్వనికి ఇంకొందరు. ఇంగ్లీషు వరసల్లో ఉండే నోటుస్వరాలకి పిల్లలు గెంతారు. నేను చిన్నప్పుడు "ఇవి పిల్లల పాఠాలు" అని విసుక్కున్నవే నాకు మొదటి అయిదు డాలర్ల నోటు తెచ్చిపెట్టాయి.

డబ్బు ఎప్పుడు పడుతుందో కూడా కనిపెట్టాను. వాయిస్తున్నప్పుడు పడదు. పాట ఆపేశాక పడదు, అప్పటికి జనం వెళ్లిపోతారు. ముగింపు వస్తోందని తెలిసేలా తీర్మానం మూడుసార్లు కొట్టినప్పుడు, సరిగ్గా ఆ మూడో దెబ్బకి పడుతుంది. తీర్మానానికి ఇంత విలువుందని ఏ లక్షణ గ్రంథంలోనూ రాయలేదు.

ఒంటిగంట దాటాక కష్టాలు మొదలయ్యాయి. పశ్చిమం వైపు డ్రమ్స్, సాక్సోఫోన్‌తో ఒక జాజ్ బృందం దిగింది. వాళ్లు మొదలెట్టాక నా వయొలిన్ నాకే వినపడలేదు. గొడవేం లేదు, పెద్ద శబ్దం వచ్చిన చోట చిన్న శబ్దం లేచి వెళ్లిపోవడం అక్కడ పద్ధతి. చాప చుట్టుకుని ఆగ్నేయం వైపు చెట్ల కిందికి జరిగాను. అక్కడ నీడ నిలవలేదు. ఎండ తగిలేసరికి బిరడలు జారడం, శ్రుతి దిగిపోవడం. మళ్లీ బిగించేసరికి పైతీగ తెగి చెంప మీద చిన్న గీత పెట్టింది. సంచిలో అదనంగా ఒక్క తీగ ఉంది కాబట్టి సరిపోయింది. మీరు వెళ్తే రెండు పెట్టుకోండి.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు: బాత్రూం. పార్కు దక్షిణం వైపు ఉంది, కానీ వాయిద్యం, డబ్బులు, చాప వదిలి ఎలా వెళ్తారు? పక్కన బొమ్మలు గీస్తున్న అమ్మాయిని అడిగాను. "వెళ్లిరండి, నేను చూస్తా" అంది. నేను వచ్చేసరికి పెట్టెలో రెండు డాలర్లు ఎక్కువున్నాయి. నేను లేనప్పుడు ఎవరో వేసి వెళ్లారట. నేను వాయించకపోతేనే బాగుందేమో అన్నాను, ఆ అమ్మాయి పగలబడి నవ్వింది.

దక్షిణం రోడ్డు పక్కన ఎప్పట్నుంచో ఉన్న దోసెల బండి ముందు పెద్ద వరస. పెనం మీద పడే పిండి చప్పుడు, ఆ వాసన నా చాప దాకా వచ్చాయి. వరసలో నిలబడితే అరగంట పోతుందని పులిహోర తిని సరిపెట్టుకున్నాను. ఇల్లు వదిలి ఇంత దూరం వచ్చి దోసె వాసన పట్టుకుంటూ పులిహోర తినడం నాకే రాసిపెట్టి ఉంది.

మూడు గంటలప్పుడు ఒక చైనా పెద్దాయన చిన్న మడత స్టూలు, గుడ్డ సంచి పట్టుకుని వచ్చి నాకు పదడుగుల దూరంలో నిలబడ్డాడు. సంచిలో అర్హు. రెండే తీగల వాయిద్యం, కమాను వెంట్రుకలు ఆ రెండు తీగల మధ్యలోంచి పోతాయి. ఆయనకి ఇంగ్లీషు దాదాపు రాదు. ఆ చోటు ఆయన రోజూ కూర్చునేదని నాకు అర్థమైంది. లేవబోయాను. వద్దని చెయ్యి ఊపి, స్టూలు నా చాప పక్కనే వేసుకుని కూర్చుని, కళ్లు మూసుకుని విన్నాడు. నేను అప్పుడు మోహనం వాయిస్తున్నాను.

రెండు నిమిషాలకి సంచి విప్పాడు. ఆయన తీగలు రెంటి మధ్యా ఉన్నది మన స, ప మధ్య ఉన్న దూరమే. నా శ్రుతి ఆయన కింది తీగకి సరిచేసుకున్నాను, గ్లాసులో తంబురా కూడా మార్చాను. స రి గ ప ద. ఆయన ఊళ్లో ఆ అయిదు స్వరాలకి ఏ పేరుందో గానీ ఒక్కటి కూడా తేడా లేదు. నేను ఒక ముక్క వాయిస్తే ఆయన తన పద్ధతిలో తిప్పి చెప్పాడు. నేను గాంధారం మీద నిలిస్తే ఆయన ధైవతం మీదికి జారి నా కోసం ఆగాడు. నేను మధ్యలో మధ్యమం వేసి మోహనం దాటితే ముఖం చిట్లించి తల అడ్డంగా ఊపాడు. మా మాస్టారు కూడా సరిగ్గా అలాగే ఊపేవారు. ఎంతసేపు వాయించామో చూసుకోలేదు. కళ్లు తెరిచేసరికి చుట్టూ గుంపు. ఇరవై దాటారేమో అని నిజంగానే తలలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పర్మిట్ భయం!

పెట్టెలో అప్పుడు పడిన దాంట్లో సగం ఆయన చేతిలో పెట్టాను. ఆయన అందులోంచి ఒక డాలరు తీసి నా పెట్టెలో వేసి, స్టూలు మడిచి, వేరే వైపు వెళ్లిపోయాడు. పేరు కూడా అడగలేదు.

ఆ గుంపులో ఒక ముసలాయన, చేతిలో బాంజో, అక్కడే మిగిలాడు. నేను చోటు సంగతి అడగ్గానే కథ ఎత్తుకున్నాడు. 1936 నుంచి 1970 దాకా ఈ ఊళ్లో వీధిలో వాయించడమే నిషేధమట. ఈ పార్కులో మాత్రం ఆదివారం మధ్యాహ్నాలు పర్మిట్ మీద జానపదాలు పాడేవాళ్లు. 1961లో పార్కుల కమిషనర్ ఆ పర్మిట్లు కూడా ఇవ్వనన్నాడు. ఏప్రిల్ 9 ఆదివారం నాడు కొన్ని వందల మంది గిటార్లూ బాంజోలూ పట్టుకుని ఇదే ఫౌంటెన్ దగ్గరికి వచ్చారు, పోలీసులు కొట్టి కొందర్ని పట్టుకుపోయారు. కొన్ని వారాలకి పాట మళ్లీ వచ్చింది. "మీరూ ఉన్నారా ఆ రోజు?" అంటే ముఖం ముడుచుకున్నాడు. "మా అమ్మ బయటికి పంపలేదు" అన్నాడు. అరవై ఏళ్లు దాటినా ఆ కోపం చల్లారలేదు.

ఆయనే ఇంకో మాట కూడా చెప్పాడు. ఈ పార్కు 1797 నుంచి 1825 దాకా అనాథ శవాల శ్మశానం. ఇరవై వేల మంది దాకా ఇప్పటికీ ఈ నేల కిందే ఉన్నారు. నేను చాప వైపు చూసుకున్నాను. మహాలయ పక్షాల్లో, అమావాస్య ముందు రోజు, శ్మశానంలో కూర్చుని వాయించానన్నమాట. అమ్మకి ఇది చెప్పకూడదని అప్పుడే నిర్ణయించుకున్నాను. (అమ్మ ఇది చదవదు. చదివి వినిపించేవాళ్లు కాస్త ఈ పేరా దాటెయ్యండి.) తర్వాత మాత్రం ఎవరూ ఆగకపోయినా తోడి ఎత్తుకుని, తొందర లేకుండా, పూర్తిగా వాయించాను. ఎక్కడికీ పోనివాళ్లు ఇరవై వేల మంది ఉన్నప్పుడు ఇరవై సెకన్ల లెక్క దేనికి?

నాలుగున్నరకి ఆర్చి దగ్గర పెళ్లి ఫొటోలు తీయించుకుంటున్న జంట వచ్చి ఏదైనా వాయించమన్నారు. ఆనందభైరవి వాయించాను. పెళ్లంటే మన చెవికి ఇంకేం వస్తుంది! ఫొటోగ్రాఫరు వాచీ చూసుకుంటూనే ఉన్నాడు. పెళ్లికూతురు ఇరవై డాలర్ల నోటు వేసింది, ఆ రోజుకి అదే పెద్దది.

ఆ వెంటనే జరిగింది రాయాలా వద్దా అనుకున్నాను. ఫౌంటెన్ పక్కనుంచి మాకు బాగా తెలిసిన తెలుగు కుటుంబం నడిచొస్తోంది. ఆవిడా నేనూ ఒకే గుడికి వెళ్తాం, కలిసి పులిహోర కలిపినవాళ్లం. నన్ను చూసింది. చూసి, పక్కకి తిరిగి, పిల్లల భుజాలు పట్టుకుని వేరే దారిలోకి తిప్పేసింది. నా వేళ్లు వాటంతటవే వాయిస్తున్నాయి గానీ ఆ ఒక్క ఆవృతం ఏం వాయించానో నాకు తెలీదు. కడుపులో ఏదో జారింది. పెట్టె మూసేద్దామనిపించింది. మూయలేదు, ఎదురుగా నాలుగేళ్ల పిల్ల ఒకతి గొంతుకూర్చుని నా వేళ్లనే చూస్తోంది. కాసేపటికి ఆ పిల్ల చేతిలో ఉన్న పావలా బిళ్లని, అదే క్వార్టర్‌ని, పెట్టెలో కాకుండా గ్లాసులో వేసింది. ఖంగుమని మోగి తంబురా ఆగిపోయింది. బిళ్ల తగిలి యాప్ ఆగిందట! ఫోన్ బయటికి తీసి మళ్లీ పెట్టేలోపు పిల్లా నేనూ ఒకటే నవ్వు.

గంట తర్వాత చదువుకోడానికి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు ఆగారు. ఒకడు "ఆంటీ, మీరు తెలుగా?" అన్నాడు. ఎలా తెలిసిందంటే చాప అంచు మీద అల్లిన "శుభం" చూపించాడు. ఖమ్మం వాళ్లట. రేపట్నుంచి బతుకమ్మ, ఇంట్లో లేమని దిగులుగా ఉంది అన్నారు. డబ్బులు వేయబోతే వద్దన్నాను. పక్కన చాప మీద కూర్చుని మిగిలిన పులిహోర తిన్నారు. కుక్కర్ విజిల్స్ ఎన్ని రానివ్వాలన్న దాని మీద పది నిమిషాలు మాట్లాడుకున్నాం.

ఆరు గంటలకి ఆపేశాను. చీకటి పడటానికి ఇంకో గంట ఉంది, పార్కు అర్ధరాత్రి దాకా తెరిచే ఉంటుంది. కానీ నడుము, కుడి మోకాలు ఇంక ఒప్పుకోలేదు. చేతి వేళ్ల గురించే భయపడ్డాను, తీరా నొప్పి పెట్టింది తుంటి. మెత్తటి దిండు తీసుకెళ్లండి, సిగ్గుపడకండి.

ఇంటికొచ్చి మా అబ్బాయి లెక్కపెట్టాడు. నా ఆరు తీసేస్తే నోట్లూ చిల్లరా కలిపి 83 డాలర్లు, వెన్మోలో 41. మొత్తం 124. ఇవి కాక ఒక ఆపిల్, ఒక చైనా నోటు, ఎవరో పెన్సిల్‌తో గీసిచ్చిన నా కాలి బొటనవేలు (వయొలిన్ కాదు, బొటనవేలు!). ఖర్చు చూస్తే రైలుకి ఆరు, తెగిన తీగకి ఇరవై రెండు, కొత్త దిండుకి పద్దెనిమిది. మా ఆయన గంటకి ఎంత పడిందో లెక్క వేయబోతే అబ్బాయి "నాన్నా, ఊరుకో" అన్నాడు. వాడే పుస్తకంలో తేదీ వేసి రాశాడు. వచ్చేసారి అట్ట పెద్దగా చేస్తానన్నాడు. వస్తానని మాత్రం ఇంకా అనలేదు.

అమ్మకి వీడియో ఎవరో చూపించేశారు. ఆదివారం తనే ఫోన్ చేసింది. "విసిరేసేరా, వంగి పెట్టేరా?" అని అడిగింది.

"అందరూ వంగే పెట్టారమ్మా. పిల్లలైతే గొంతుకూర్చున్నారు."

కాసేపాగి, సంక్రాంతికి మా వీధిలోకి వచ్చే హరిదాసు సంగతెత్తింది. నెత్తి మీద రాగి పాత్ర, చేతిలో చిడతలు, భుజాన తంబురా. నోరు తెరిచి అడిగేవాడు కాదు. నేను దోసిట్లో బియ్యం పట్టుకుని గుమ్మంలోకి పరిగెడితే, నా చేయి పాత్రకి అందేలా వీధిలోనే మోకాళ్ల మీద కూర్చునేవాడు. "పొయ్యడానికి నీకు నేనే నేర్పేను" అంది అమ్మ. ఆ తర్వాత తోడి ఆలాపనలో నిషాదం తక్కువ పలికిందని చెప్పింది. వీడియోలో ఆ ముక్క ఉందని నాకు తెలీదు.

సోమవారం పొద్దున గుడి స్నేహితురాలి ఫోన్. పార్కు మాట ఎత్తకుండా బొమ్మలకొలువు పెట్టారా, పిల్లాడి చదువెలా ఉంది అని చుట్టూ తిరిగి, చివరికి గొంతు తగ్గించి, "ఏమీ అనుకోకు వదినా, డబ్బులకేమైనా ఇబ్బందిగా ఉందా?" అంది.

"అవును వదినా," అన్నాను, "తీగ తెగింది. ఇరవై రెండు డాలర్లు."